చలి ప్రయాణమా? పాదాలకూ ఓ స్వెటర్ కావాలి!

కార్తికం దాటిందంటే మన ఇళ్లలో ప్రయాణాల ముచ్చట్లు మొదలవుతాయి. సెలవులు చూసుకుని అరకు, లంబసింగి వెళ్లేవాళ్లు కొందరు. విజయనగరంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ మీదుగా మనాలి, కశ్మీర్ చూసొచ్చేవాళ్లు కొందరు. అమెరికాలోనో, కెనడాలోనో ఉన్న పిల్లల దగ్గరికి బయలుదేరే అమ్మానాన్నలు ఇంకొందరు. స్వెటర్లు, శాలువాలు, మంకీ టోపీలు అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుతాం. పాదాల మాట మాత్రం అక్కడ రైలో, విమానమో దిగి, కాలివేళ్లు కొంకర్లు పోతుంటే గానీ గుర్తుకురాదు. ఆదరాబాదరాగా కనిపించిన దుకాణంలో మెత్తగా, బొచ్చుబొచ్చుగా ఉన్న బూట్లు కొనేస్తాం. అవి కాళ్లకు మేలు చేస్తాయో, కీడు చేస్తాయో చూసుకోం. ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దవాళ్లుంటే ఈ తొందరపాటు పుండు దాకా వెళ్లొచ్చు. అందుకే వెచ్చని బూట్ల ఎంపికను ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే తేల్చుకోండి.

ముందుగా చల్లబడేవి పాదాలే

చలి తగలగానే శరీరం గుండె, మెదడు, కాలేయం వంటి కీలక అవయవాల వేడిని కాపాడుకోవటానికి ప్రయత్నిస్తుంది. చేతులు, కాళ్లలోని చిన్న రక్తనాళాలను బిగిస్తుంది. దీంతో వేళ్లకు రక్తం తగ్గుతుంది. పైగా పాదంలో వేడి పుట్టించే పెద్ద కండరాలు లేవు. చల్లటి నేలకు నేరుగా ఆనుకునేదీ అదే. ఒంటి మీద రెండు స్వెటర్లున్నా కాళ్లు చల్లగానే ఉండటానికి కారణం ఇదే.

మన సముద్రతీరంలో శీతకాలపు రాత్రుల్లోనూ ఉష్ణోగ్రత సాధారణంగా 15 డిగ్రీలకు పైనే ఉంటుంది. కాబట్టి శ్రీకాకుళం, విజయనగరం వాసుల కాళ్లకు చలి అలవాటు తక్కువ. కొండెక్కేకొద్దీ లెక్క మారుతుంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. కొత్తవలస-కిరండూల్ మార్గంలోని శిమిలిగూడ స్టేషన్, చింతపల్లి మండలంలోని లంబసింగి దాదాపు ఆ ఎత్తులోనే ఉంటాయి. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున లంబసింగిలో పాదరసం ఒక్క అంకెకు పడిపోవటం మనకు తెలిసిందే. కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తు. లేహ్ దాదాపు 3,500 మీటర్లు. అక్కడ శీతకాలంలో సున్నాకు దిగువన ఉండటం మామూలే. ఈ మూడు రకాల చలికి ఒకటే జత సరిపోదు.

గొర్రె తోలు బూట్లలో ఏముంది?

అసలైన గొర్రె తోలు బూట్లలో ఉన్నిని విడిగా అతికించరు. తోలును ఉన్నితో సహా శుద్ధి చేసి, ఉన్ని లోపలికి, తోలు బయటికి వచ్చేలా కుడతారు. దీన్నే ట్విన్‌ఫేస్ అంటారు. ఉన్ని పోగులు సహజంగానే మెలికలు తిరిగి ఉంటాయి. ఆ మెలికల మధ్య గాలి చిక్కుకుంటుంది. కదలని గాలి వేడిని బయటకు పోనివ్వదు. ఇంకో సుగుణం కూడా ఉంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా తడిగా అనిపించదు. అందుకే చెమట పట్టినా పాదం జిగటగా ఉండదు.

మన ప్రాంతపు గొర్రెలను చూసి ఈ ఉన్నిని ఊహించుకోలేం. నెల్లూరు రకం గొర్రెల ఒంటి మీద ఉండేది ఉన్ని కాదు, పొట్టి వెంట్రుకలే. వెచ్చని బూట్లకు వాడేది మెరినో వంటి దట్టమైన ఉన్ని గొర్రెల తోలు. ఈ బూట్ల వాడకం ఆస్ట్రేలియాలో గొర్రెల బొచ్చు కత్తిరించే పనివాళ్లలో, సముద్రపు అలల మీద ఆడే సర్ఫర్లలో పెరిగింది. 1978లో బ్రయాన్ స్మిత్ అనే ఆస్ట్రేలియా యువకుడు వీటిని కాలిఫోర్నియాకు తీసుకెళ్లి అమ్మటంతో అమెరికాలో ప్రచారంలోకి వచ్చాయి. ఆస్ట్రేలియాలో ‘ఉగ్’ అనేది ఇలాంటి బూట్లన్నింటికీ వాడే మాట. అమెరికాలో మాత్రం ఒక కంపెనీ పేరు. కాబట్టి డబ్బా మీది పేరును చూసి అసలైనదేనని అనుకోవద్దు.

అసలుదా, నకిలీదా?

* బూటు లోపలి ఉన్నిని వేళ్లతో పాయ తీసి చూడండి. అడుగున తోలు కనిపిస్తే అసలుది. గుడ్డ అల్లికో, వలలాంటి నేతో కనిపిస్తే కృత్రిమ బొచ్చు.
* లేబుల్ మీద షెర్పా, ఫాక్స్ ఫర్ అని ఉంటే అది చాలావరకూ పాలిస్టర్ బొచ్చే. అది కొత్తలో వెచ్చగానే ఉంటుంది. కానీ చెమటను పీల్చుకోదు, కొద్ది రోజులకే అణిగిపోతుంది.
* ‘వుల్ లైన్డ్’ అంటే గుడ్డకు ఉన్ని అతికించినది. గొర్రె తోలంత కాకపోయినా మంచిదే. ధరా తక్కువే.
* అడుగుభాగం దాకా ఉన్ని ఉందో లేదో చేయి పెట్టి చూడండి. పైన ఉన్ని వేసి, పాదం ఆనే చోట స్పాంజి పెట్టేవీ ఉంటాయి. చలి ఎక్కువగా ఎక్కేది కింది నుంచే.

మీరు వెళ్లేదెక్కడికి?

అరకు, లంబసింగి, వంజంగి: ఇక్కడ మంచు గడ్డకట్టిన నేల ఉండదు. ఉండేదల్లా పొగమంచుతో తడిసిన గడ్డి, బురద దారి, బొర్రా గుహల్లోని జారుడు మెట్లు. గొర్రె తోలు బూట్లకు తడి పడదు. నీళ్లు పీల్చుకున్న ఉన్ని బరువెక్కి, చల్లబడి, పాదాన్ని ఇంకా బాధపెడుతుంది. కాబట్టి వీటి కోసం వేలు ఖర్చు పెట్టనక్కర్లేదు. పట్టున్న అడుగుతో మూసి ఉండే బూట్లు, ఉన్ని సాక్సులు, సంచిలో మరో జత పొడి సాక్సులు ఉంటే చాలు. చెప్పులతో మాత్రం వెళ్లొద్దు.

మనాలి, గుల్‌మార్గ్: మంచులో ఆడుకునే చోట మోకాలి దాకా ఉండే గమ్ బూట్లు అద్దెకిస్తారు. తడిని ఆపేవి అవే. అయితే ఎందరో వేసుకున్నవి కాబట్టి లోపల తేమ, దుర్వాసనతో పాటు ఫంగస్ కూడా ఉండొచ్చు. సొంత సాక్సులు లేకుండా వేసుకోవద్దు. లోపల పరవటానికి గొర్రె ఉన్ని ఇన్‌సోల్ ఒక జత వెంట తీసుకెళ్తే రబ్బరు బూటు కూడా వెచ్చబడుతుంది. గొర్రె తోలు బూట్లను హోటల్ గదికి, పొడిగా ఉన్న బజారు దారులకు ఉంచుకోండి.

అమెరికా, కెనడా: గొర్రె తోలు బూట్లు బాగా పనికొచ్చేది ఇక్కడే. ఇంట్లో, కారులో, షాపింగ్‌కు వెళ్లినప్పుడు హాయిగా ఉంటాయి. కానీ దారుల మీద మంచు కరగటానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు తోలు మీద తెల్లటి మరకలు చేస్తుంది. కరిగి మళ్లీ గడ్డకట్టిన మంచు అద్దంలా జారుతుంది. పెద్ద వయసులో ఒక్క జారుడు తుంటి ఎముకను విరగ్గొట్టొచ్చు. బయట నడకకు నీరు చొరని, లోతైన గాళ్లున్న రబ్బరు అడుగు బూట్లు విడిగా ఉండాల్సిందే.

కొనేటప్పుడు...

సాయంత్రం పూట కొనండి. రోజంతా నడిచి, నిలబడి ఉండటంతో అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. ఉదయం సరిపోయిన బూటు సాయంత్రానికి బిగుసుకోవచ్చు. ప్రయాణంలో వేసుకోబోయే సాక్సులతోనే వేసి చూడండి. రెండు పాదాలూ ఒకే కొలతలో ఉండవు. పెద్దదానికి సరిపోయేదే తీసుకోండి.

గొర్రె ఉన్ని వాడేకొద్దీ అణుగుతుంది. అందుకని కొత్తలో చుట్టూ ఒత్తుగా తగలాలి, కానీ నొప్పి పుట్టకూడదు. వేళ్లు లోపల స్వేచ్ఛగా ఆడాలి. బూటు బిగుతుగా ఉంటే రక్తం సరిగా అందక కాళ్లు ఇంకా చల్లబడతాయి. వెచ్చదనం కోసం రెండు మూడు సాక్సులు కుక్కినా జరిగేది ఇదే. అలాగని నూలు సాక్సుల వైపు వెళ్లొద్దు. చెమటకు తడిసిన నూలు త్వరగా ఆరదు. పల్చటి ఉన్ని సాక్సు ఒకటి చాలు.

మడమ దగ్గర నొక్కి చూడండి. మరీ మెత్తగా వంగిపోతే ఎక్కువ నడకకు పనికిరాదు. పాదం వంపునకు ఆసరా లేని బూట్లతో మడమ నొప్పి, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఇబ్బంది పెరుగుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పిస్తుంటే సైజు జాగ్రత్త. మనకు అలవాటైనది బ్రిటన్ సైజు. మగవాళ్ల బూట్లలో అమెరికా సైజు దానికన్నా ఇంచుమించు ఒకటి ఎక్కువ. ఆడవాళ్ల లెక్క వేరు. పాదం పొడవును సెంటీమీటర్లలో కొలుచుకుని పోల్చుకోవటం మేలు.

అమ్మానాన్నలకు మధుమేహం ఉంటే

ఇది అన్నింటికన్నా ముఖ్యం. ఏళ్ల తరబడి మధుమేహంతో ఉన్నవాళ్లలో కొందరికి పాదాల నాడులు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. బూటు కరుస్తున్నా, లోపల చిన్న రాయి ఉన్నా, నిప్పు సెగ కాలుస్తున్నా తెలియదు. ఒక దృశ్యం ఊహించుకోండి. లంబసింగిలో చలిమంట వేశారు. అందరితో పాటు నాన్నగారూ కాళ్లు చాపుకొని కూర్చున్నారు. మనకు సెగ తగలగానే కాలు వెనక్కి లాక్కుంటాం. ఆయనకు ఆ సెగ తెలియలేదు. తెల్లారి సాక్సు తీస్తే అరికాలు బొబ్బ. రక్తప్రసారం కూడా తగ్గి ఉంటే ఆ బొబ్బ పుండుగా మారి, మానకుండా మొండికేస్తుంది.

* ప్రయాణానికి ముందే డాక్టరుకు పాదాలు చూపించండి. సన్నటి నైలాన్ పోగును అరికాలికి తాకించి స్పర్శ ఎలా ఉందో చెప్పే పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది. నడిస్తే పిక్కలు పట్టేస్తున్నా, పాదం మీద పుండు ఉన్నా ఆ సంగతి తప్పక చెప్పాలి.
* కొత్త బూట్లను ఇంట్లో రోజుకు అరగంటతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ వారం పాటు అలవాటు చేయండి. మన వేడికి తెల్లవారుజామున వేయించటం హాయి. తీశాక ఎక్కడైనా ఎర్రబడిందేమో చూడండి.
* గొర్రె తోలు బూట్లను చాలామంది వట్టి కాళ్లతో వేసుకుంటారు. వీళ్లు మాత్రం కుట్లు ఒత్తుకోని సాక్సు వేసుకునే తీరాలి.
* వేసుకునే ముందు ప్రతిసారీ బూటులో చేయి పెట్టి తడమాలి. దట్టమైన ఉన్నిలో చిన్న రాయి ఉన్నా కంటికి కనిపించదు.
* రాత్రి పడుకునే ముందు పాదాలు, వేళ్ల సందులు, మడమలు చూడాలి. వంగలేకపోతే పిల్లలు చూడాలి, లేదా అద్దం కింద పెట్టుకోవాలి.
* చలిమంట, రూమ్ హీటర్, వేడినీళ్ల సంచి పాదాలకు తగలనివ్వద్దు. స్నానం నీళ్ల వేడిని కాలితో కాదు, మోచేత్తో చూడాలి.

ఈ మార్పులు కనిపిస్తే

చలిలో తిరిగొచ్చిన కొన్ని గంటల తర్వాత కాలివేళ్లు ఎర్రగానో, ఊదాగానో ఉబ్బి, దురద, మంట పెడితే అవి చిల్‌బ్లెయిన్స్ కావొచ్చు. గోకొద్దు. నిప్పు దగ్గర పెట్టొద్దు, ఒక్కసారిగా వేడి చేస్తే ఎక్కువవుతాయి. పొడి సాక్సులు వేసి మెల్లగా వెచ్చబరచాలి. చాలామందికి రెండు మూడు వారాల్లో తగ్గిపోతాయి. మధుమేహం ఉన్నవాళ్లు, బొబ్బలెక్కినవాళ్లు డాక్టరును కలవాలి.

వేళ్లు తెల్లగానో, బూడిద రంగులోనో మారి, మొద్దుబారి, గట్టిపడితే అది ఫ్రాస్ట్‌బైట్. గడ్డకట్టే చలిలో తడిసిన బూట్లతో గంటల తరబడి ఉంటే వస్తుంది. రుద్దకూడదు. మంచుతో అసలే రుద్దకూడదు. తడి సాక్సులు తీసేసి, వెచ్చని చోటికి చేర్చి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పొగతాగితే రక్తనాళాలు ఇంకా బిగుస్తాయి. మద్యం ఒళ్లు వెచ్చబడినట్టు భ్రమ కలిగిస్తుంది గానీ నిజానికి ఒంటి వేడిని బయటకు పోగొడుతుంది. చలి ప్రాంతాల్లో ఈ రెండింటికీ దూరంగా ఉండాలి.

పిల్లల విషయంలో ఒక్క మాట. ఎదిగే పాదానికి ఖరీదైన గొర్రె తోలు బూట్లు ఏడాదైనా సరిపోవు. అలాగని వచ్చే ఏటికీ పనికొస్తాయని రెండు సైజులు పెద్దవి కొంటే తూలి పడతారు. మామూలు వెచ్చని బూట్లు, రోజుకు రెండు జతల సాక్సులు చాలు.

ఇంటికొచ్చాక

మన తీరప్రాంతపు తేమ గొర్రె తోలుకు శత్రువు. వర్షాకాలంలో బీరువాలో పెట్టిన తోలు సంచికి బూజు పట్టటం చూస్తుంటాం కదా! ప్రయాణం నుంచి రాగానే బూట్లను నీడలో, గాలి తగిలే చోట పూర్తిగా ఆరనివ్వండి. ఎండలో, హీటరు దగ్గర పెడితే తోలు బిగుసుకుపోతుంది. వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు. లోపల పాత వార్తాపత్రికలు కూరి, పాలిథిన్‌లో కాకుండా నూలు సంచిలో పెట్టండి. జత కొన్నప్పుడు వచ్చిన సిలికా జెల్ పొట్లాన్ని అందులోనే ఉంచండి. నెలకోసారి బయటికి తీసి గాలి తగిలిస్తే పురుగూ బూజూ దరిచేరవు.

ఈసారి సూట్‌కేసు సర్దేటప్పుడు శాలువా పక్కన ఇంకో రెండు జతల పొడి సాక్సులకూ చోటివ్వండి. అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి, బూటు తొడిగి, బొటనవేలు ఆడుతోందో లేదో మీరే తడిమి చూడండి. వాళ్లు బాగానే ఉందని అన్నా సరే, ఒకసారి సాక్సు తీసి చూడండి.