విషపు ఎర తిన్న కుక్కలో నాడీ-కండర బలహీనత: కోలుకునే దశలో సంరక్షణ

వేరుశనగ, మిరప, పొగాకు పైర్లలో ఎదిగిన లద్దె పురుగు పిచికారీకి లొంగనప్పుడు తవుడు, బెల్లం, పురుగుమందు కలిపిన విషపు ఎరను సాయంకాలం పొలంలో చల్లించడం తెలుగు రాష్ట్రాలలో చిరకాలంగా ఉన్న సిఫారసు. పురుగును ఆకర్షించే ఆ బెల్లం, తవుడే రైతు వెంట పొలానికి వచ్చే పెంపుడు కుక్కను కూడా ఆకర్షిస్తాయి. ఎరలోని మందు క్లోరిపైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ వర్గానికి చెందినదైతే, చికిత్సతో తొలి గండం గడిచిన కుక్క సైతం రెండు మూడు రోజులకు మెడ వాల్చి లేవలేని స్థితికి చేరవచ్చు. దీనిని శాశ్వత పక్షవాతంగా భావించి ఆశ వదులుకోవడం సరికాదు. శ్వాసకు లోటు రాకుండా కాపాడి, సక్రమమైన సంరక్షణ అందిస్తే ఈ బలహీనత చాలావరకు నయమవుతుంది.

బలహీనతకు కారణం

నరం నుండి కండరానికి సంకేతాన్ని ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం చేరవేస్తుంది. ఆ పని ముగియగానే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము దానిని విచ్ఛిన్నం చేస్తుంది. ఆర్గానోఫాస్ఫరస్ మందులు ఈ ఎంజైమును బంధించడం వలన ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది. పురుగు చనిపోవడానికీ, కుక్క విషప్రభావానికి లోనుకావడానికీ కారణం ఇదే. కార్బమేట్ మందుల బంధం కొంతసేపటికి దానంతట అదే విడిపోతుంది. ఆర్గానోఫాస్ఫరస్ బంధం మాత్రం కాలం గడిచేకొద్దీ బిగుసుకుంటుంది. అటుపిమ్మట కొత్త ఎంజైము తయారైతేనే లోటు తీరుతుంది. కోలుకోవడానికి రోజులు, వారాలు పట్టడానికి మూలం ఇక్కడే ఉంది.

రెండు దశల లక్షణాలు

తొలి దశలో నిమిషాల నుండి గంటలలోపే చొంగ, కన్నీరు, వాంతులు, విరేచనాలు, ఆయాసం, కండరాల అదురు కనిపిస్తాయి. కనుపాపలు కుంచించుకుపోతాయి. ఇవి తగ్గిన తరువాత, సుమారు 24 నుండి 96 గంటల మధ్య, మెడ, కాళ్ల పైభాగం, శ్వాస కండరాలు బలహీనపడవచ్చు. మనుషులలో ఈ స్థితిని శ్రీలంక వైద్యులు సేనానాయకే, కరల్లియెద్దె 1987లో వర్ణించి ‘ఇంటర్మీడియట్ సిండ్రోమ్’ అని పేర్కొన్నారు. కుక్కలలోనూ ఇటువంటి స్థితి ఏర్పడుతుంది. ఈ దశలో కుక్క లేవలేకపోయినా సాధారణంగా స్పృహలోనే ఉంటుంది. అట్రోపిన్ చొంగను, శ్వాసనాళాలలోని స్రావాలను అదుపు చేస్తుంది గాని కండరాల బలహీనతను తొలగించదు. ప్రాలిడాక్సిమ్ బంధం బిగుసుకోకముందే పనిచేస్తుంది. కనుక పశువైద్యుని వద్దకు తొలి గంటలలోనే చేర్చడం కీలకం. మందు డబ్బాను, లేదా దాని లేబులును వెంట తీసుకువెళ్లాలి. ద్రవరూప మందులలోని ద్రావకం ఊపిరితిత్తులలోకి చేరే ప్రమాదం ఉన్నందున, ఇంటివద్ద ఉప్పునీరు, నూనె పోసి వాంతి చేయించరాదు. ఒంటిపై మందు పడితే చేతి తొడుగులు ధరించి సబ్బునీటితో కడగాలి.

కోలుకునే దశలో సంరక్షణ

• మెత్తని, పొడి పరుపుపై ఉంచి, పుండ్లు పడకుండా ప్రతి 4 గంటలకు ఒకసారి పక్క మార్చాలి.
• మింగగలదని పశువైద్యుడు నిర్ధారించిన తరువాతే, రొమ్ముపై కూర్చుండబెట్టి కొద్దికొద్దిగా ఆహారం, నీరు ఇవ్వాలి. పడుకోబెట్టి పోస్తే న్యుమోనియా రావచ్చు.
• మూత్రం పోయలేని కుక్క మూత్రాశయాన్ని ఖాళీ చేయించే పద్ధతిని పశువైద్యుని వద్ద నేర్చుకోవాలి.
• కీళ్లు బిగుసుకోకుండా కాళ్లను రోజుకు కొన్ని పర్యాయాలు నెమ్మదిగా ముడిచి చాపాలి. బలం వస్తున్నకొద్దీ పొట్ట కింద తువ్వాలు ఆసరాగా పట్టి నిలబెట్టాలి.
• ఊపిరి పైపైన తీస్తున్నా, చిగుళ్లు నీలిబారినా వెంటనే ఆసుపత్రికి తరలించాలి.
• రక్తంలో ఎంజైము తిరిగి సాధారణ స్థాయికి చేరడానికి వారాలు పడుతుంది. అంతవరకు పిడుదుల నివారణకు ఆర్గానోఫాస్ఫరస్, కార్బమేట్ మందులు వాడరాదు.

విస్తరణ సిబ్బంది పాత్ర

ఎర సిఫారసు చేసే ప్రతిసారీ దానితోపాటు జాగ్రత్తలనూ చెప్పడం అవసరం. ఎర వేసిన పొలంలోకి కుక్కలను, పశువులను, కోళ్లను రానీయకుండా చూడాలి. మిగిలిన ఎరను గట్టుపై వదలరాదు. ఎర కలిపిన పాత్రను మేతకు, నీటికి వాడరాదు. ఫోరేట్ గుళికల వాడకం దేశంలో 2020 డిసెంబరు 31 నుండి నిషిద్ధం కనుక, ఇళ్లలో పాత నిల్వలుంటే వాటి ప్రమాదాన్ని రైతులకు వివరించాలి. కుక్క ప్రాణానికి ముప్పు తెచ్చిన ఎర ఇంటిలోని పసిబిడ్డకూ అందుబాటులో ఉన్నదే అన్న సంగతిని రైతుకు గుర్తుచేస్తే, ఈ జాగ్రత్తలు సులువుగా ఆచరణలోకి వస్తాయి.