పరిశోధనా వ్యాసమును చెరిగి చూచు విధము
నర్సింగు విద్యార్థినులకు సికింద్రాబాదు నేర్పు పాఠము

అన్నము వండబోవు గృహిణి బియ్యమును ముందుగా చేటలో పోసి చెరుగును. రాళ్లున్నవని బియ్యమంతయు పారవేయదు. అంగడివాడు మంచివాడని చెరుగకయే యెసటిలో పోయదు. రోగులకు పరిచర్య చేయ నేర్చుకొను మన ఆడపడుచులు వైద్య పరిశోధనా వ్యాసములను చదువవలసిన రీతియు నిట్టిదే. నేడు బి.యస్‌సి. నర్సింగు విద్యలో పరిశోధనయు, గణాంకశాస్త్రమును పాఠ్యాంశములై యున్నవి. ఒక వ్యాసమును నమ్మి నర్సు పుండు కడుగు పద్ధతిని మార్చెనేని, దాని ఫలము మంచముపై నున్న రోగి యనుభవించును. ఆ రోగి మన బిడ్డయే కావచ్చును గదా!

ఉదాహరణమునకై దూరదేశములు వెదుక నక్కరలేదు. సికింద్రాబాదు చెంతనున్న బేగంపేటలో 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డు రాస్ అను సైనిక వైద్యుడు, మలేరియా రోగి రక్తము త్రాగిన యొక దోమ కడుపుగోడలో నల్లని రేణువులు గల కణములను కనుగొనెను. మరునాడు మరియొక దోమలోను అవి కనబడెను. ఆ సంగతి 1897 డిసెంబరు 18వ తేదీ 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో వ్యాసముగా వెలువడెను. దానినే మన విద్యార్థిని చేతికిత్తము. ఆమె యే ప్రశ్నలు వేయవలయును?

మొదటిది శీర్షిక. మలేరియా రక్తము త్రాగిన రెండు దోమలలో కనబడిన వింత కణములని మాత్రమే రాస్ పేరు పెట్టెను. దోమ కుట్టుటచే మలేరియా వచ్చునని చాటలేదు. కన్నదానిని మించి చెప్పని శీర్షిక వ్యాసకర్త నిజాయితీకి తొలి గుర్తు.

రెండవది పద్ధతి. రాస్ దోమలను పురుగుదశ నుండి సీసాలలో పెంచి, పిదప రోగిని కుట్టనిచ్చెను. కావున అవి అంతకుముందు వేరొకరి రక్తము త్రాగియుండవు. అతడు కోసి చూచిన ఇతర జాతి దోమలలో ఈ కణములు కనబడలేదు. పోల్చి చూచుటకు అవి తోడ్పడెను. ఇవి మెచ్చదగినవి. కాని యా దోమజాతి శాస్త్రీయ నామమును అతడెరుగడు. మచ్చల రెక్కల గోధుమరంగు దోమయని వర్ణించెను. మరియొక పరిశోధకుడు అదే దోమను వెదకి పట్టుట కిది కొంత కష్టము.

మూడవది సంఖ్య. రెండే దోమలు! ఇంత కొద్దిపాటి సాక్ష్యముతో తీర్పు చెప్పరాదు. నాలుగవది, మరియొకరి కన్ను. స్మిత్ అను తోటి వైద్యుని టిప్పణము కూడ ఆ వ్యాసముతో ప్రకటింపబడెను. ఐదవది రోగి గౌరవము. తన్ను కుట్టిన యొక్కొక్క దోమకు ఒక అణా చొప్పున రోగికి ఇచ్చిరట. నేటి విద్యార్థిని యిచట ఆగి, రోగికి సంగతి యంతయు తెలిపి సమ్మతి పొందిరా యని యడుగక తప్పదు.

అయినచో సంఖ్య పెద్దదైన చాలునా? చాలదు. అదే కాలమున హైదరాబాదులో నిజాము ధనసహాయముతో 1888, 1889 సంవత్సరములలో రెండు క్లోరోఫారము కమీషన్లు జరిగెను. వందలకొలది జంతువులను పరీక్షించి, శ్వాసను కనిపెట్టియున్న చాలును, గుండెకు భయము లేదని తేల్చిరి. 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు తేలికపాటి మత్తులోనే గుండె హఠాత్తుగా లయ తప్పవచ్చునని పిల్లులలో చూపెను. ఎన్ని జంతువులని మాత్రమే కాక, ఏ స్థితిలో పరీక్షించిరని కూడ అడుగవలయునని దీనివలన తెలియుచున్నది. రెండు దోమల వ్యాసము సత్యమునకు దారి చూపగా, వందల జంతువుల నివేదిక దారి తప్పించెను.

ఆరవ ప్రశ్న అన్నిటికంటె ముఖ్యము: తరువాత నేమి జరిగెను? 1898లో రాస్ కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశోధించి, వ్యాధిక్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరుటను చూచెను. మనుష్యుల మలేరియాను అనాఫిలిస్ దోమ వ్యాపింపజేయునని ఇటలీ శాస్త్రజ్ఞులు గ్రాస్సీ మొదలగువారు స్థాపించిరి. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించెను. ఒక్క వ్యాసము తలుపు తట్టును; పెక్కు వ్యాసములు కలిసి తలుపు తెరచును.

సోదరీమణులారా! ఫలానా కషాయము జ్వరమును మూడు దినములలో కుదుర్చునని పత్రికలో చదివినపుడు మీరును ఈ ప్రశ్నలనే వేయుడు. ఎందరికిచ్చిరి? ఇవ్వనివారితో పోల్చిరా? మరియొకరు పరీక్షించిరా? జవాబు లేనిచో ఆ కాగితము పొట్లము కట్టుటకు పనికివచ్చును గాని, పిల్లవాని నోట మందు పోయుటకు పనికిరాదు. నర్సింగు చదువుచున్న కుమార్తె మీ యింట నున్నచో, ఆమె ప్రశ్నించుటను పెంకెతనమని కసరకుడు. రేపు ఆమె చేతిలో ఒక ప్రాణము నిలువవలసియున్నది.