మిఠాయి పరీక్ష అసలు ఏం కొలిచింది?

వ్యక్తిత్వ వికాస తరగతుల్లో తరచూ వినిపించే కథ ఇది. నాలుగేళ్ల పిల్లాడి ముందు మార్ష్‌మెల్లో (దూదిలా మెత్తగా ఉండే పంచదార మిఠాయి) ఒకటి పెడతారు. 'నేను వచ్చేదాకా తినకుండా ఉంటే ఇంకోటి ఇస్తా' అని చెప్పి వెళ్లిపోతారు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక రాణించారు, ఆగలేనివాళ్లు వెనకబడ్డారు, కాబట్టి పిల్లలకు నిగ్రహం నేర్పండి అంటూ కథ ముగుస్తుంది. మనస్తత్వశాస్త్రంలో చర్చ మాత్రం అక్కడే మొదలైంది.

ఈ ప్రయోగాలను 1960ల చివర్లో మనస్తత్వవేత్త వాల్టర్ మిషెల్ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన బింగ్ నర్సరీ బడిలో మొదలుపెట్టాడు. పిల్లల భవిష్యత్తు చెప్పడం ఆయన ఉద్దేశం కాదు. వాళ్లు ఎలా ఆగుతారో తెలుసుకోవాలనుకున్నాడు. మిఠాయి కనబడకుండా మూసిపెడితే పిల్లలు ఎక్కువసేపు ఆగారు. ఎదురుగా ఉన్నప్పుడు కొందరు కళ్లు కప్పుకున్నారు, కొందరు తమలో తాము పాడుకున్నారు. అంటే ఆగడమంటే పళ్లబిగువున ఓర్చుకోవడం కన్నా ధ్యాస మళ్లించుకోవడమే ఎక్కువ. నా మటుకు ఈ ప్రయోగాల్లో గట్టి ఫలితం ఇదే. కానీ దీన్ని చెప్పేవాళ్లు తక్కువ.

ప్రచారమైంది మాత్రం ఆ పిల్లల గురించి మిషెల్ బృందం 1990లో వెలువరించిన పత్రం. నర్సరీలో ఎక్కువసేపు ఆగినవాళ్లకు ఎస్ఏటీలో (కాలేజీ ప్రవేశాల కోసం రాసే పరీక్ష) మార్కులు ఎక్కువగా వచ్చాయని అందులో తేలింది. అయితే ఈ సంబంధం స్పష్టంగా కనబడింది మిఠాయి ఎదురుగా ఉండి, ఏ ఉపాయమూ చెప్పకుండా వదిలేసిన పిల్లల్లోనే. మార్కులు దొరికిన అలాంటి పిల్లలు 35 మంది. పైగా ఆ బడిలో చాలామంది విశ్వవిద్యాలయ కుటుంబాల పిల్లలే.

ఇక్కడ సహసంబంధం (రెండు విషయాలు కలిసి పెరగడం లేదా తగ్గడం) గురించి ఆలోచించాలి. ఆగడమూ మార్కులూ కలిసి పెరిగాయి. అంతమాత్రాన ఒకటి రెండోదానికి కారణం కానక్కర్లేదు. రెంటినీ మూడోది నడిపిస్తూ ఉండవచ్చు. ఇంట్లో డబ్బు, తల్లి చదువు, పిల్లాడితో పెద్దలు గడిపే సమయం అలాంటివే.

2018లో టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హావోనన్ క్వాన్ అనే పరిశోధకులు దీన్ని 900 మందికి పైగా పిల్లల వివరాలతో పరీక్షించారు. సంబంధం కనబడింది కానీ పాతదానిలో సగమే. కుటుంబ నేపథ్యం, ఇంటి వాతావరణం, చిన్ననాటి తెలివితేటలు లెక్కలోకి తీసుకుంటే మిగిలినదాంట్లోనూ మూడింట రెండు వంతులు పోయింది.

ఇల్లు ఆగడాన్ని ఎలా మారుస్తుంది? అంతకు ఐదేళ్ల ముందే రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్ బృందం దీనికి ఒక దారి చూపింది. ముందుగా 28 మంది పిల్లలకు బొమ్మలు వేయడానికి పాత క్రేయాన్లు ఇచ్చారు. కాస్త ఆగితే మంచివి తెస్తామన్నారు. సగం మందికి నిజంగానే తెచ్చారు. మిగతా సగానికి 'లేవు, ఏమీ అనుకోకు' అని ఉత్త చేతులతో వచ్చారు. స్టిక్కర్ల విషయంలోనూ అంతే. ఆ తర్వాత మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకోవడం చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పడం చూసినవాళ్లు 3 నిమిషాలే.

పిల్లల నిగ్రహం ఆ కొద్దిసేపట్లో మారిపోలేదు. మారింది వాళ్ల అంచనా. రెండోది వస్తుందన్న నమ్మకం లేనప్పుడు చేతికందింది తినేయడమే తెలివైన పని. మాట ఇచ్చి నిలుపుకోలేని పరిస్థితులున్న ఇళ్లలో పిల్లలు ఈ లెక్కను త్వరగానే నేర్చుకుంటారని ఊహించడం కష్టం కాదు. బొమ్మ కొనిస్తానన్న తండ్రికి జీతం అందకపోతే ఆ వాయిదా పిల్లాడికి పాఠమే.

వాట్స్ పద్ధతి మీదా అభ్యంతరాలు వచ్చాయి. తెలివితేటలు, ఇంటి వాతావరణం తీసేసి లెక్కిస్తే నిగ్రహంలో కొంత భాగాన్నే తీసేసినట్టవుతుందని కొందరు వాదించారు. ఆ వాదనలో బలముంది. ధ్యాస మళ్లించుకునే నేర్పు తెలివిలో భాగం కాదని ఎవరూ గట్టిగా చెప్పలేరు. దేన్ని పక్కన పెట్టి లెక్కించాలన్నది గణితం ఒక్కటే తేల్చే ప్రశ్న కాదు.

2024లో వాట్స్ కూడా ఉన్న మరో బృందం 2018 నాటి అదే అధ్యయనంలోని 702 మందిని 26 ఏళ్ల వయసులో చూసింది. చదువుతోనూ శరీర బరువు సూచీతోనూ స్వల్ప సంబంధం ఉంది. నేపథ్యాన్ని లెక్కలోకి తీసుకున్నాక అది కూడా దాదాపు నిలవలేదు.