నల్ల తెర మీద వేళ్ల పని



పోయిన నెల కంప్యూటర్ ల్యాబులో నేను చాలా భయపడ్డాను. ఉబుంటులో టెర్మినల్ అనే నల్ల తెర ఉంటది కదా, అందులో ఒక ఆదేశం టైపు చేసి, సేవ్ చేద్దామని కంట్రోల్ మీట పట్టుకొని ఎస్ నొక్కాను. అంతే, తెర బిగుసుకుపోయింది. ఏ మీట కొట్టినా అక్షరం పడలేదు. ఖరాబు చేశాననుకొని ఎవ్వరికీ చెప్పకుండా లేచి వచ్చాను. మధ్యాహ్నం అన్నం సరిగ్గ తినలేదు. మా ఇంట్ల నాకంటే ముందు బడికి పోయినోళ్లు లేరు, కంప్యూటర్ పైసలు కట్టుమంటే అమ్మ యాడికెళ్లి తేవాలె?

ల్యాబు మూసేముందు నా దోస్తు నన్ను సారు దగ్గరికి గుంజుకపోయింది. సారు నవ్వి కంట్రోల్, క్యూ నొక్కారు. నేను కొట్టిన అక్షరాలన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి! పూర్వం తెర ఉండేది కాదట, టెలిటైపు అనే మిషను కాగితం మీద అచ్చు వేసేది. అటువంటి కాలంలో "కొంచెం ఆగు" అని చెప్పడానికి ఎస్, "ఇక పంపు" అని చెప్పడానికి క్యూ పెట్టుకున్నారు. ఆ అలవాటు ఇంకా పోలేదు. అట్లనే టెర్మినల్‌లో కంట్రోల్ సీ అంటే కాపీ కాదు, చేసే పని ఆపేయమని. కాపీకి కంట్రోల్, షిఫ్ట్, సీ మూడూ నొక్కాలి.

ఇక అసలు సంగతి. మనం ముగ్గురికి ఒక కంప్యూటర్. ఒక్కొక్కరికి దొరికేది పది నిమిషాలు. ఫైలు కాపీ చేసే ఆదేశం 'సీపీ'. నేను తొందరలో 'పీసీ' అని కొట్టి, దాని వెనుక పొడుగు ఫైలు పేరంతా రాసి, అప్పుడు చూసుకున్నాను. ఇంతకుముందైతే వరుసంతా చెరిపి మళ్లీ రాసేదాన్ని. ఇప్పుడు కంట్రోల్ పట్టుకొని ఇంగ్లీషు ఏ నొక్కితే వరుస మొదటికి పోతాను. ఎఫ్ నొక్కితే ఒక అక్షరం ముందుకు. టీ నొక్కితే పక్కపక్క అక్షరాలు రెండూ చోటు మారుతాయి. పీసీ కాస్తా సీపీ అయింది! టీ అంటే తారుమారు అని నా దోస్తు గుర్తు పెట్టింది. కే అంటే కడదాకా, అంటే ఉన్న చోటు నుండి వరుస చివరిదాకా కోసేస్తుంది. యూ మొదటి వరకు ఊడ్చేస్తుంది. డబ్ల్యూ వెనకున్న ఒక్క మాటను తీసేస్తుంది. ఈ నొక్కితే చివరికి పోతాం.

కోసింది పోయిందని బాధపడొద్దు. నారు పీకి ఇంకో మడిలో నాటినట్టు, కావాల్సిన చోట కంట్రోల్ వై నొక్కితే మళ్లీ వస్తుంది. బ్యాక్‌స్పేసుతో ఒక్కొక్క అక్షరం చెరిపింది మాత్రం ఇట్ల రాదు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆర్. కంట్రోల్ ఆర్ నొక్కి రెండు మూడు అక్షరాలు కొడితే, ఇంతకుముందు రాసిన పాత ఆదేశాన్ని వెతికి తెస్తుంది.

మన ఆదేశాలను చదివేది బ్యాష్ అనే ప్రోగ్రాము. 1989లో బ్రయాన్ ఫాక్స్ అనే ఆయన దీన్ని రాశారు. ఈ మీటల పద్ధతి అంతకన్నా పాతది, 1970లలో పుట్టిన ఈమాక్స్ అనే ఎడిటరు నుండి వచ్చింది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగు మెనూలతో లినక్సు తయారు చేశారు. అయినా నల్ల తెరలో ఆదేశాలు మాత్రం ఇంగ్లీషు అక్షరాలే. మొత్తం పదిహేను ఇరవై మాటలే కాబట్టి ఇంగ్లీషు రాదని వెనక బెంచీకి పోవద్దు చెల్లె.

ల్యాబులో కిటికీ పక్క కంప్యూటర్‌కు మౌసు పనిచేయదు. ముందు ఎవ్వరం దాని దగ్గర కూర్చునేవాళ్లం కాదు. ఇప్పుడు శనివారం వచ్చిందంటే నేను, నా దోస్తు ఉరికిపోయి దాని ముందే కూర్చుంటున్నాం, అక్కడ వంతు తొందరగా దొరుకుతుందని.

— 9వ తరగతి విద్యార్థిని