చదువుకై ఇల్లు విడిచిన పిల్లలు – ఆరోగ్య బీమా, వైద్య రక్షణ

పిల్లలను దూరపు కళాశాలలో చేర్చేటప్పుడు తల్లిదండ్రులు రుసుములు మొదలుకొని బకెట్టు, పరుపు దాకా అన్నింటికీ జాబితా వ్రాసుకుంటారు. ఆ జాబితాలో జ్వరానికి మాత్రం చోటుండదు. వానాకాలం వచ్చిందంటే వైద్యవృత్తిలోనున్న నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "అబ్బాయికి హాస్టల్లో నాలుగు రోజులుగా జ్వరమట, ఏ కషాయం త్రాగమనమంటారు?" నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. రక్తపరీక్ష చేయించారా? బీమా కాగితం ఎవరివద్ద ఉన్నది? రెండవదానికి "ఇంట్లో బీరువాలో ఉంది" అన్నదే సాధారణంగా వచ్చే సమాధానం.

ఆరోగ్యవంతుని ఆరోగ్యాన్ని కాపాడటం, రోగి బాధను తొలగించడం అనేవి ఆయుర్వేదానికి రెండు ప్రయోజనాలు. బీమా ఈ రెండింటిలో దేనినీ చేయదు. ఖర్చును భరిస్తుంది, అంతే. కనుక బీమా, ఇంటి వైద్యం ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు. దేని హద్దు ఎక్కడో తెలిసి ఉండటమే అసలు రక్షణ.

బీమా విషయంలో తెలియవలసినవి

కుటుంబమంతటికీ కలిపి తీసుకునే పాలసీలో తల్లిదండ్రులపై ఆధారపడిన పిల్లలను సాధారణంగా 25 ఏళ్ళ వరకు చేర్చవచ్చును. 2020లో ప్రవేశపెట్టిన ఆరోగ్య సంజీవని పాలసీలోనూ ఇదే నియమం. కళాశాలవారు రుసుముతోబాటు కట్టించుకునే బీమా కొన్నిచోట్ల ప్రమాదాలకు మాత్రమే వర్తిస్తుంది. టైఫాయిడ్‌కు, డెంగీకి అది పనికిరాదు. ఏది దేనికో ముందే అడిగి తెలుసుకొనండి.

క్రొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప వ్యాధులకు పరిహారం లభించదు. అందుచేత కళాశాల తెరిచిన తరువాత కాక, ప్రవేశపరీక్షలు వ్రాసే నాటికే పాలసీ తీసుకొనడం మంచిది. ఉబ్బసం, మూర్ఛ వంటివి చిన్ననాటి నుండి ఉన్నట్లయితే దాచవద్దు. పెండ్లి సంబంధాలకు అడ్డు వస్తుందని ఆడపిల్లల విషయంలో దాచేవారిని నేను చూశాను. చెప్పిన వ్యాధికి నిరీక్షణ కాలం మూడేళ్ళకు మించరాదని 2024 నుండి నియమమున్నది. దాచిన వ్యాధి బయటపడితే అసలుకే మోసం.

సాధారణ పాలసీలు కనీసం 24 గంటలు ఆసుపత్రిలో చేరిన చికిత్సకే వర్తిస్తాయి. వైద్యుని సంప్రదింపు రుసుము, విడిగా చేయించిన రక్తపరీక్ష, కొన్న మందులు మన జేబు నుండే చెల్లించాలి. ఈ నాలుగైదు వందలకు వెనుకాడి పరీక్షను వాయిదా వేసే విద్యార్థులే చివరికి మంచం పడుతున్నారు. పిల్లల చేతిలో వైద్యానికని కొంత సొమ్ము విడిగా ఉంచండి.

నగదు చెల్లించనవసరం లేని ఆసుపత్రుల జాబితాలో మన ఊరివి కాదు, హాస్టలుకు దగ్గరగా ఉన్నవి ఏవో చూడాలి. అత్యవసరంగా చేరినట్లయితే 24 గంటలలోగా బీమా సంస్థకు తెలియజేయాలి.

ఆయుర్వేద చికిత్సకు కూడా ఇతర వైద్యాలతో సమానంగా బీమా వర్తింపజేయాలని నియంత్రణ సంస్థ 2024లో ఆదేశించింది. అయితే గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చేరి పొందిన చికిత్సకే అది సాధారణంగా వర్తిస్తుంది. కొన్న లేహ్యానికి, కేవలం విశ్రాంతి కొరకు చేయించుకునే తైలమర్దనానికి పరిహారం ఆశించవద్దు.

హాస్టలు గదిలో ఇంటి వైద్యం

జలుబు, గొంతునొప్పికి పది తులసి ఆకులు, నాలుగు మిరియాలు, చిటికెడు శొంఠిపొడి గ్లాసెడు నీటిలో సగమయ్యేవరకు మరిగించి గోరువెచ్చగా త్రాగవచ్చును. ఉప్పునీటితో పుక్కిలించాలి. అజీర్ణానికి వాము, పల్చని మజ్జిగ చాలును. విరేచనాలకు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు దగ్గర ఉంచాలి. అవి లేనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీటిలో సమంగా కొలిచిన ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగాలి. కొలత తప్పరాదు.

ఇంటి వైద్యం ఆగవలసిన చోటు

జ్వరం రెండు రోజులు దాటితే కషాయంతో కాలక్షేపం చేయక రక్తపరీక్ష చేయించాలి. డెంగీలో మూడవ రోజు నుండి ఏడవ రోజు వరకు, జ్వరం తగ్గుతున్న సమయమే ప్రమాదకరం. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తరలించాలి. 108కి ఫోను చేయవచ్చును. బొప్పాయి ఆకు రసాన్ని నమ్ముకొని ఆలస్యం చేయరాదు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు డెంగీలో రక్తస్రావానికి దారితీయవచ్చును.

కామెర్లు వచ్చిన పిల్లవానిని పసరు మందుకని ఊరికి పిలిపించడం మన పాత అలవాటు. కలుషితమైన నీటివలన వచ్చే కామెర్లు చాలామందికి విశ్రాంతితోనే తగ్గుతాయి. ఆ ఖ్యాతి పసరుకు దక్కుతున్నది. కొద్దిమందిలో మాత్రం కాలేయం వేగంగా దెబ్బతింటుంది. కామెర్లతోబాటు మాట తడబడినా, మగత కమ్మినా అది ప్రాణాపాయ సూచన. పసరు కళ్ళలో పోయించడం ఎన్నడూ తగదు. టైఫాయిడ్‌కు, 'ఎ' రకం కామెర్లకు టీకాలున్నాయి. ప్రయాణానికి ముందే వైద్యుని సలహాతో వేయించండి.

మనసు బాధ కూడా వ్యాధియే. నిద్ర పట్టకపోవడం, తిండి మానడం, స్నేహితులను తప్పించుకొనడం వారాల తరబడి సాగితే వైద్యుని చూపించాలి. శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా కల్పించాలని 2017 నాటి చట్టం చెబుతున్నది. ప్రభుత్వపు టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా లభిస్తుంది.

చివరిగా నా మనవి ఒకటి. ఒక అట్టముక్కపై పాలసీ సంఖ్య, బీమా సంస్థ ఫోను నంబరు, హాస్టలుకు దగ్గరి ఆసుపత్రి పేరు, రక్తవర్గం, పడని మందుల పేర్లు వ్రాయండి. ఒక ప్రతి బిడ్డ సంచిలో, మరొకటి గదిలోని స్నేహితునివద్ద ఉండాలి. జ్వరంతో పడి ఉన్న పిల్లవాడు తన పాలసీ సంఖ్య తాను వెదుక్కొనలేడు. ఆవకాయ జాడీ సర్దే చేతులతోనే ఆ అట్టముక్కనూ పెట్టెలో పెట్టండి.