మూలం వేరు, మన మార్పు వేరు



లినక్సులో తెలుగు టైపు చేసేవాళ్ళు పోతన, వేమన ఫాంట్లను చూసే ఉంటారు. డాక్టర్ తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు రూపొందించి అందరికీ స్వేచ్ఛగా ఇచ్చినవి అవి. డెబియన్ లినక్సులో ‘ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా’ అనే ప్యాకేజీలో దొరుకుతాయి. తయారు చేసేవారు ఒకరైతే, ప్యాకేజీగా కట్టి మన కంప్యూటరు దాకా చేర్చేవారు మరొకరు. ఈ రెండో పని నేర్చుకునేటప్పుడు మేము చేసిన తప్పు మీరు చేయకూడదనే ఈ వ్యాసం.

మేము ఒక చిన్న సాఫ్ట్‌వేరు తీసుకుని, మూల ఫైళ్ళలోనే దిద్దుబాట్లు చేసి, అన్నీ గిట్‌లో ఒకే బ్రాంచిలో పెట్టాం. కొత్త వెర్షను రాగానే దాని మీదే పోసేశాం. మా దిద్దుబాట్లు కొన్ని మాయమయ్యాయి. ఏది రచయితదో, ఏది మాదో తేల్చుకోవడానికి రెండు రాత్రులు పట్టింది.

మన ఊరి ఉక్కు కర్మాగారాన్నే చూడండి. ఓడల్లో వచ్చిన రకరకాల బొగ్గును వేర్వేరు కుప్పలుగా ఉంచి, తరువాతే కావలసిన పాళ్ళలో కలుపుతారు. ముందే కలిసిపోతే విడదీయడం ఎవరి తరమూ కాదు. బ్రాంచీలూ అంతే.

1. అప్‌స్ట్రీమ్ బ్రాంచి: రచయిత విడుదల చేసింది చేసినట్టే ఇక్కడ ఉండాలి. మనం అక్షరం కూడా మార్చకూడదు.

2. డెబియన్ బ్రాంచి: మూలంతో పాటు ‘డెబియన్’ అనే ఫోల్డరు ఇక్కడ ఉంటుంది. రచయిత ఫైలులో మార్పు అవసరమైతే, ఆ ఫోల్డరులో విడి ప్యాచ్‌గా పెట్టాలి. వెర్షను 2.0-1 అంటే 2.0 రచయితది, 1 మనది.

3. పాత విడుదల బ్రాంచి: డెబియన్ 12 (బుక్‌వర్మ్) 2023 జూన్‌లో, డెబియన్ 13 (ట్రిక్సీ) 2025 ఆగస్టులో వచ్చాయి. పాతదాన్నే నమ్ముకున్నవారికి కొత్త హంగులు పంపకూడదు. భద్రతా లోపాలు, పెద్ద తప్పులు మాత్రమే సరిచేయాలి. అందుకే ‘డెబియన్/బుక్‌వర్మ్’ అని వేరే బ్రాంచి తీయాలి.

కొత్త వెర్షను వచ్చినప్పుడు ముందు అప్‌స్ట్రీమ్‌లో చేర్చి, అక్కడినుంచి డెబియన్ బ్రాంచిలో కలపాలి. తరువాత ప్యాచ్‌లు ఒక్కొక్కటీ సరిపోతున్నాయో లేదో చూడాలి. ‘గిట్-బిల్డ్‌ప్యాకేజ్’ అనే పనిముట్టు ఇందులో చాలా భాగం తానే చేస్తుంది. ప్రతి విడుదలకూ ట్యాగు వేయడం మరవకండి.

చివరి మాట. మంచి ప్యాచ్‌ను మన దగ్గరే దాచుకోక రచయితకు పంపండి. ఆయన స్వీకరిస్తే తరువాతి వెర్షనులో మన బరువు తగ్గుతుంది, లోకానికీ మేలు జరుగుతుంది. ఆసక్తి ఉన్నవారు సెలవుల్లో మమ్మల్ని కలవండి. కలిసి కూర్చుని ఒక ప్యాకేజీ కడదాం.