గాలికి ఎదురు నిలుచు గుడ్డ చేప

జపానులో మే 5వ తేదీ బాలల దినము. 1948 నాటి చట్టముతో అది ప్రభుత్వ సెలవుదినమైనది. ఆ పండుగకు మగపిల్లలున్న ఇండ్లవారు గుడ్డతో చేసిన కార్పు చేపలను వెదురుగడలకు కట్టి ఎగురవేయుట అంతకుముందు నుండియు ఉన్న ఆచారమే. క్యూషూ దీవిలో, త్సుయెతతె అను వేడినీటి ఊటల గ్రామమున, ఏప్రిల్ నెల మొదలు ఏటికి అడ్డముగా తాళ్లు లాగి సుమారు 3,500 గుడ్డ చేపలను వ్రేలగట్టుదురు. జలపాతమునెక్కిన కార్పు చేప మహాసర్పమైనదని చైనాలో ఒక కథ కలదు. పిల్లలకు అట్టి పట్టుదల రావలెనని వారి కోరిక.

ఈ చేప నోటికి గట్టి వలయముండును. తోకవైపు సన్నము. నోట దూరిన గాలి సులభముగా వెలికి పోజాలదు. అందుచే లోపలి పీడనము పెరిగి ఒడలు ఉబ్బును. కట్టు నోటివద్దనే ఉన్నది గనుక గాలి త్రోసిన ఒడలు వెనుకకే పోవును, నోరు గాలికి ఎదురు నిలుచును. విమానాశ్రయములలోని గాలిసంచియు ఇట్టిదే. అమెరికా ప్రమాణము ప్రకారము గంటకు సుమారు 28 కిలోమీటర్ల గాలికి అది పూర్తిగా చాచుకొనును. పాత చొక్కా చేయికి తీగ వలయము కుట్టి బడిలోనే దీనిని చేసి చూపవచ్చును.

ఒక చిత్రము. ఎండ కాయు పగటివేళ కొండలోయలలో గాలి సాధారణముగా ఎగువకు వీచును. అప్పుడు ఏటిమీది గుడ్డ చేపల నోళ్లు దిగువకే తిరిగియుండును! రాత్రి గాలి దిగువకు మరలిన తరువాత గాని అవి కథలోని చేపవలె ఏరెక్కవు.

ప్రాణమున్న చేప సంగతి వేరు. ముదిగొండ ప్రాంతమున వానలకు చెరువులు అలుగు పారునపుడు చేపలు ఎదురెక్కుట పల్లె పిల్లలెరిగినదే. వాటిని ఏ త్రాడును పట్టియుంచలేదు. మరి ప్రవాహపు దిక్కు వాటికెట్లు తెలియును? చేప ప్రక్కన తల నుండి తోకవరకు సన్నని గీత కనబడును. దానిని పార్శ్వరేఖ అందురు. అందలి సూక్ష్మమైన రోమకణములు నీటి ఒరపిడికి వంగి నాడులకు వార్త పంపును. కన్నులును తోడ్పడును. గట్టు ముందుకు జరిగిపోవుచున్నట్లు తోచగానే తాను కొట్టుకొనిపోవుచున్నానని గ్రహించినట్లు చేప ఎదురీదును. చిన్న చేపలున్న గాజుజాడీ చుట్టు నిలువు చారల కాగితమును మెల్లగా త్రిప్పిన, నీరు కదలకున్నను అవి చారల వెంట ఈదును.

ఈ ఎదురీత వేడుక కాదు. జపాను పండుగలోని కార్పు, అనగా మన బంగారు తీగ, నిలువ నీటిలోని నాచుకు గుడ్లనంటించి ఊరకుండును. మన బొచ్చె, రోహు అట్లు కావు. వాటికి వరద నీరు, పారుదల కావలెను. చెరువులలో అవి సాధారణముగా గుడ్లు పెట్టవు. 1957లో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసమును సూదితో ఎక్కించి ఇట్టి చేపలచే గుడ్లు పెట్టించుటతో పెంపకము సులువైనది. ఏరులలోని చేపలకు మాత్రము నేటికిని ఎదురీతయే దారి. వాన కాలమున ఏటికడ్డముగా వల పన్నినవానికి గంప నిండును. కాని అందులో పడిన ఒక్కొక్క పెద్ద తల్లి బొచ్చె కడుపులో లక్షకు మించిన గుడ్లుండును.